యాభై డాలర్ల వేదిక

(బోస్టన్ దగ్గర జరిగిన ఒక తెలుగు సాహితీ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినబడుతోందా? సరే.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే వేసవిలో ఏదో ఒక శనివారం న్యూపోర్ట్ ప్రయాణం ఖాయం. పులిహోర కట్టుకుని బయల్దేరతాం. 1895లో కట్టిన బ్రేకర్స్ అనే 70 గదుల మేడ చూస్తాం. సముద్రం ఒడ్డున కాసేపు నడిచి, పిల్లలకి ఐస్‌క్రీమ్ కొనిపెట్టి, చీకటి పడేలోపు ఇంటికొచ్చేస్తాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే వెళ్ళొచ్చాను. మనం వెళ్ళింది ఒక దీవికి అన్న సంగతి కూడా పెద్దగా పట్టించుకోం, ఎటునుంచి వెళ్ళినా కార్లో వంతెన దాటేస్తాం కాబట్టి. ఆ దీవిని అక్విడ్నెక్ అంటారు. రోడ్ ఐలండ్ అన్నది మొదట ఆ దీవి పేరే, రాష్ట్రానికి అక్కణ్ణించే వచ్చింది. పడమటి వైపున్న పెద్ద వంతెనను 1969 జూన్‌లో గానీ తెరవలేదు. అంతకుముందు అటునుంచి వచ్చేవాళ్ళు పడవెక్కాల్సిందే.

ఈ రోజు నేను మేడల గురించి మాట్లాడను. ఆ దీవిలో వేసవిలో జరిగే సంగీతోత్సవాల గురించి, అందులోనూ అక్కడ పాడినవాళ్ళ, వాయించినవాళ్ళ గురించి మాట్లాడతాను. జాజ్ ఉత్సవం 1954లో మొదలైంది, జానపద సంగీతోత్సవం 1959లో. 1969 నుంచి ఆ మేడల్లోనే పాశ్చాత్య శాస్త్రీయ కచేరీలు కూడా జరుగుతున్నాయి. వాటిని ఇవాళ్టికి వదిలేస్తున్నాను, ఉన్న టైమ్ మొదటి రెండింటికే చాలదు.

వేదిక దగ్గరికి వెళ్ళేముందు మిమ్మల్ని ఒక సమాధి రాయి దగ్గర కాసేపు ఆపుతాను. పద్దెనిమిదో శతాబ్దంలో న్యూపోర్ట్ బానిసల వ్యాపారానికి పెద్ద రేవు. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన మనుషుల్ని అమ్మిన డబ్బుతో ఆ ఊరు బాగుపడింది. ఊరి పాత శ్మశానంలో ఒక మూల ఆఫ్రికన్ల సమాధులున్నాయి. ‘దేవుడి చిన్న నేలచెక్క’ అని ఆ చోటికి పేరు. అమెరికాలో వలస పాలన కాలం నుంచి మిగిలిన అలాంటి శ్మశానాల్లో పెద్దవాటిలో అదొకటి. అక్కడ 1768 డిసెంబర్‌లో చనిపోయిన కఫీ గిబ్స్ అనే ఆయన రాయి ఉంది. దాని మీద, ఈ రాయిని చెక్కింది పాంపీ స్టీవెన్స్ అని, తన సోదరుడి జ్ఞాపకార్థం చెక్కాడని రాసుంది. ఒక శిల్పుల కార్ఖానాలో పనిచేసిన నల్లజాతి మనిషి, తన శరీరం మీద తనకే హక్కు లేని రోజుల్లో, రాయి మీద తన పేరు చెక్కుకున్నాడు. ఆ దీవి కళాకారుల గురించి మాట్లాడేటప్పుడు నేను ముందు ఆయన్నే తలుచుకుంటాను.

రెండు వందల ఏళ్ళు ముందుకు వద్దాం. న్యూపోర్ట్ ధనవంతుల వేసవి విడిది అయిపోయింది. పాలరాతి మేడల్ని వాళ్ళు కుటీరాలు అని పిలుచుకునేవారు. ఆ సమాజంలోని మనిషే ఎలైన్ లోరిలార్డ్. ఆమె, ఆమె భర్త కలిసి బోస్టన్‌లో జాజ్ క్లబ్బు నడుపుతున్న జార్జ్ వీన్ అనే పియానో వాద్యకారుణ్ణి పిలిచి, మా ఊళ్ళో ఏదైనా చెయ్యమన్నారు. 1954 జులైలో, టెన్నిస్ ఆడుకునే ఒక క్లబ్బు పచ్చిక మీద బిల్లీ హాలిడే పాడింది, ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ పాడింది, డిజ్జీ గిలెస్పీ బూర ఊదాడు. పొగ నిండిన క్లబ్బుల్లో అర్ధరాత్రి దాకా వినే సంగీతం అలా ఎండలోకి, గాలిలోకి వచ్చింది. ఊరి పెద్దల్లో కొందరికి ఇది నచ్చలేదు. మరుసటి ఏడాది ఆ పచ్చిక దొరకలేదు, ఫ్రీబాడీ పార్క్ అనే మైదానానికి మారాల్సి వచ్చింది.

1956 జులై 7 రాత్రి దగ్గర మనం కొంచెంసేపు కూర్చోవాలి.

జాజ్ బృందనాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ పేరు మీరు వినే ఉంటారు. 1930లలో ఆయన బృందానికి ఎదురులేదు. 1955 వేసవికి వచ్చేసరికి న్యూయార్క్‌లో నీటి ఆటల ప్రదర్శనకు వెనక వాద్యం వాయించుకుంటున్నాడు. ఆయన పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. న్యూపోర్ట్‌లో ఆ రాత్రి కూడా మర్యాద అంతంతమాత్రమే. కార్యక్రమం మొదట్లో కాసేపు వాయించి దిగాడు. తర్వాత మూడు గంటలు వేదిక పక్కన కూర్చోబెట్టారు. తిరిగి ఎక్కేటప్పటికి అర్ధరాత్రి కావస్తోంది, జనం ఇంటిదారి పట్టారు. ‘మేమేమన్నా సర్కస్ జంతువులమా’ అని ఆయన విసుక్కున్నాడని చెబుతారు.

అప్పుడు 1937 నాటి తన పాత రచన ఒకటి ఎత్తుకున్నాడు. దానికి రెండు భాగాలు. రెంటి మధ్యలో పాల్ గోన్సాల్వెస్ సాక్సఫోన్ ఒక్కటే వాయించాలి, ఎంతసేపైనా సరే. గోన్సాల్వెస్ ఈ పక్క మనిషే. మాసచూసెట్స్‌లోని బ్రాక్టన్‌లో పుట్టాడు, రోడ్ ఐలండ్‌లో పెరిగాడు. తల్లిదండ్రులది కేప్ వర్డ్, అదీ దీవుల దేశమే. ఆ రచన బ్లూస్ అనే నల్లజాతివాళ్ళ సంగీత పద్ధతిలో ఉంది. బ్లూస్‌లో పన్నెండు బార్లకు ఒక చుట్టు పూర్తవుతుంది, మనకు ఆవర్తనం లాగా. ఆయన ఒక ఆవర్తనం వాయించాడు, రెండు వాయించాడు, పది వాయించాడు. కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు. వేదిక కిందినుంచి జో జోన్స్ అనే డ్రమ్స్ కళాకారుడు చుట్టచుట్టిన న్యూస్‌పేపర్‌తో తాళం కొడుతూ హుషారు చేస్తున్నాడు. నల్ల గౌను వేసుకున్న ఒకావిడ ఖరీదైన సీట్ల వైపు లేచి ఒంటరిగా నాట్యం మొదలుపెట్టింది. గేటు దాకా వెళ్ళినవాళ్ళు వెనక్కి పరిగెత్తుకొచ్చారు. ఇరవై ఏడు ఆవర్తనాలు వాయించాడండీ ఆయన. పక్కా చట్రం, అదే లయ, మాట రాని వాద్యం. ఏడు వేల మంది కుర్చీల మీద నిలబడ్డారు.

ఆగస్టులో టైమ్ పత్రిక ఎలింగ్టన్ బొమ్మ ముఖచిత్రంగా వేసింది. తను 1956లో న్యూపోర్ట్‌లో పుట్టానని ఆయన తర్వాత అందరికీ చెప్పుకునేవాడు.

కానీ ఆ రాత్రి ఒక పొరపాటు జరిగింది. వేదిక మీద రెండు మైకులున్నాయి. ఒకటి రికార్డు కంపెనీది, రెండోది వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోది. గోన్సాల్వెస్ ఆ తన్మయత్వంలో రేడియో మైకు ముందు నిలబడి వాయించాడు. దాంతో కంపెనీ టేపులో ఆయన సాక్సఫోన్ దూరంగా, పక్కింట్లోంచి వస్తున్నట్టు వినబడుతుంది. రికార్డు లక్షలాది మంది కొన్నారు, అసలు మనిషి మాత్రం అందులో వెనకే ఉండిపోయాడు. రేడియో టేపు 1990లలో బయటపడింది. రెండు టేపుల్నీ కలిపి 1999లో విడుదల చేశారు. గోన్సాల్వెస్ అప్పటికి లేడు, 1974లోనే పోయాడు. నాకు ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా కడుపులో ఏదో మెలిపెట్టినట్టుంటుంది.

ఇక 1960. ఆ ఏడు టికెట్ దొరకని కుర్రాళ్ళు ఊళ్ళో అల్లరి చేశారు, పోలీసులు బాష్పవాయువు వదిలారు, సైనిక దళాలు దిగాయి, ఉత్సవం మధ్యలో ఆపేశారు. ఆదివారం మధ్యాహ్నం బ్లూస్ కార్యక్రమం ఒక్కటి జరగనిచ్చారు. ఇక ఇదే ఆఖరు అనుకుని, కవి లాంగ్‌స్టన్ హ్యూస్ అక్కడికక్కడే ఒక టెలిగ్రామ్ కాగితం మీద వీడ్కోలు పాట రాసిచ్చాడు. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ బృందంలోని ఓటిస్ స్పాన్ అప్పుడే దాన్ని చూసి పాడాడు.

ఆ అల్లరి గురించి అందరూ రాశారు. అదే వారాంతంలో, అదే ఊళ్ళో జరిగిన ఇంకో సంగతి నాకు దానికంటే ముఖ్యం. చార్లెస్ మింగస్, మాక్స్ రోచ్ అనే జాజ్ వాద్యకారులు కలిసి సముద్రపు గట్టు మీద ఒక హోటల్ ఆవరణలో పోటీ ఉత్సవం పెట్టారు. పెద్ద పేర్లకి బోలెడు డబ్బిచ్చి, అసలు సంగీతం చేసేవాళ్ళకి చిల్లర విదిలిస్తున్నారని వాళ్ళ కోపం. కంచె తామే కట్టుకున్నారు, గేటు దగ్గర తామే నిలబడ్డారు, తర్వాత వేదికెక్కి తామే వాయించారు. నాలుగేళ్ళ కిందట న్యూస్‌పేపర్‌తో తాళం కొట్టిన జో జోన్స్ కూడా అక్కడే ఉన్నాడు. జనం పలచగానే వచ్చారు. అయినా వాళ్ళు అడిగిన ప్రశ్న మాత్రం ఆ దీవిని వదిలిపోలేదు. ఎవరికి ఎంత ఇవ్వాలి? ఎవరి పక్కన ఎవర్ని కూర్చోబెట్టాలి?

దానికి ఒక జవాబు 1963లో వచ్చింది. నేను ఇవాళ ఇక్కడ నిలబడింది ప్రధానంగా ఆ జవాబు గురించి చెప్పడానికే.

జానపద సంగీతోత్సవం రెండేళ్ళు జరిగి ఆగిపోయింది. దాన్ని మళ్ళీ మొదలుపెట్టడానికి జానపద గాయకుడు పీట్ సీగర్, ఆయన భార్య తోషి సీగర్, నటుడూ గాయకుడూ అయిన థియోడర్ బికెల్, జార్జ్ వీన్ కలిసి కూర్చున్నారు. తోషి గారి అమ్మ అమెరికన్, నాన్న జపనీయుడు. ఆవిడ వేదిక మీద ఎప్పుడూ కనబడదు, కానీ పని అంతా ఆవిడ చేతుల మీదుగానే నడిచేది. వాళ్ళు పెట్టుకున్న నియమం చిన్నది. పాడేవాళ్ళు ఎవరైనా సరే, ఎంత పేరున్నా సరే, ఒక్కొక్కరికి 50 డాలర్లు, దారిఖర్చులు, బస, భోజనం. అంతే. మిగిలిన డబ్బంతా ఒక ఫౌండేషన్‌కి. ఆ ఫౌండేషన్ కళాకారులే నడుపుతారు. ఆ డబ్బుతో ఊళ్ళు తిరిగి, మరుగునపడ్డ పాటగాళ్ళని వెతికి తేవాలి.

బాబ్ డిలన్‌కి 50 డాలర్లు. జోన్ బయెజ్‌కి 50 డాలర్లు. అప్పటికి దేశంలో అందరికంటే ఎక్కువ రికార్డులు అమ్ముతున్నవాళ్ళలో ఒకరైన పీటర్, పాల్, మేరీలకీ తలా 50 డాలర్లే. జార్జియా తీరంలో ఇంకో దీవి నుంచి, బానిసల కాలం నాటి చప్పట్ల పాటలు మోసుకొచ్చిన బెస్సీ జోన్స్ బృందంలో ప్రతి ఒక్కరికీ అదే 50. కొండల్లోంచి వచ్చిన ఫిడేలు ముసలాయనకీ అదే. ఒకే బంతిలో కూర్చోబెట్టి ఒకే విస్తరి వేశారన్నమాట. పొద్దున చెట్టు కింద ఆ ముసలాయన వాయిస్తుంటే పేరున్న కుర్రాళ్ళు చుట్టూ చేరి నేర్చుకునేవాళ్ళు. పెద్ద పేర్లు జనాన్ని తెస్తాయి, ఆ జనం వచ్చిన డబ్బుతో ఎవరూ పిలవనివాళ్ళని పిలుస్తారు. ఈ లెక్కలో నాకు ఎక్కడా దయాదాక్షిణ్యం కనబడదు, మర్యాదే కనబడుతుంది.

ఆ మొదటి ఏడాదే మిసిసిపి జాన్ హర్ట్ వచ్చాడు. ఆయన 1928లో కొన్ని పాటలు రికార్డు చేశాడు. అవి అమ్ముడుపోలేదు, వెంటనే ఆర్థికమాంద్యం వచ్చింది, కంపెనీ ఆయన్ని మరిచిపోయింది. ఆయన పొలం పనులు చేసుకుంటూ, పశువుల్ని చూసుకుంటూ బతికాడు. ఆ పాత రికార్డుల్లో ఒకదానిలో అవలాన్ మా ఊరని ఒక ముక్క ఉంది. టామ్ హోస్కిన్స్ అనే కుర్రాడు దాన్ని పట్టుకుని, పాత అట్లాసులో వెతికి, 1963లో కారేసుకుని మిసిసిపి వెళ్ళాడు. అక్కడ అడిగితే ఫలానా ఇల్లని చూపించారు. తెల్లవాడు తన కోసం వెతుక్కుంటూ వస్తే హర్ట్‌కి మొదట భయమేసింది, పోలీసేమో అనుకున్నాడు. ఇంట్లో గిటార్ కూడా లేదు. వచ్చినవాడి గిటారే తీసుకుని వాయించి చూపించాడు. కొన్ని నెలలకే న్యూపోర్ట్‌లో వేలమంది ముందు, డెబ్భై దాటిన వయసులో, టోపీ పెట్టుకుని, గుసగుసలాడుతున్నట్టు పాడాడు. ఆయన గొంతు పెంచడు. మనవడికి కథ చెబుతున్న తాతలా ఉంటుంది. ఇంకో మూడేళ్ళే బతికాడు, 1966లో పోయాడు. ఆ మూడేళ్ళయినా దక్కాయి.

అదే ఏడాది జులై 26 శుక్రవారం రాత్రి, కార్యక్రమం చివర అందరూ వేదిక మీదికి వచ్చారు. సీగర్, బికెల్, డిలన్, బయెజ్, పీటర్, పాల్, మేరీ, వాళ్ళతో పాటు నల్లజాతివాళ్ళ హక్కుల కోసం పోరాడుతూ దక్షిణాది జైళ్ళ నుంచి, ఊరేగింపుల నుంచి నేరుగా వచ్చిన ఫ్రీడమ్ సింగర్స్ అనే నలుగురు యువతీయువకులు. చేతులు అడ్డంగా పట్టుకుని ‘వుయ్ షల్ ఓవర్‌కమ్’ పాడారు. మనం చిన్నప్పుడు బళ్ళో వరసల్లో నిలబడి ‘హమ్ హోంగే కామ్‌యాబ్’ అని పాడామే, దానికి మూలం అదే. మన తెలుగు ఊళ్ళ బడుల దాకా నడిచొచ్చిన పాట అది. నెల దాటగానే, ఆగస్టు 28న వాషింగ్టన్‌లో లక్షల మంది ముందు అదే పాట మళ్ళీ లేచింది.

జానపద పాటలతో పేరు తెచ్చుకున్న డిలన్ 1965లో కరెంటు గిటార్ పట్టుకుని వచ్చి గొడవైన కథ మీకందరికీ తెలుసు, దాని మీద చాలా చెప్పారు, చెబుతూనే ఉన్నారు. నేను ఒక్క మాట అని ముందుకెళ్తాను. సీగర్ గొడ్డలి పట్టుకుని సౌండ్ కరెంటు తీగలు నరకబోయాడని చెప్పుకుంటారు. గొడ్డలుంటే నరికేవాణ్ణి అన్నానే తప్ప, కోపం కరెంటు గిటార్ మీద కాదని, సౌండ్ చెడిపోయి మాటలు వినబడకపోవడం మీదని ఆయన తర్వాత చెప్పాడు. నేను ఆయన మాట నమ్ముతాను. పాటలో మాట వినబడాలి అని పట్టుబట్టిన మనిషి ఆయన. డిలన్ మళ్ళీ ఆ వేదిక ఎక్కింది 2002లో, ముప్పై ఏడేళ్ళకి.

1971లో జాజ్ ఉత్సవంలో మళ్ళీ గొడవ. టికెట్ లేనివాళ్ళు కంచె విరగ్గొట్టి వేదిక మీదికి ఎక్కేశారు. ఊరు ఇక వద్దంది. ఆ ఏడాది జానపద ఉత్సవం కూడా రద్దయింది. జాజ్ న్యూయార్క్ వెళ్ళిపోయి 1981లో తిరిగొచ్చింది, జానపదం 1985లో. ఇప్పుడు రెండూ ఫోర్ట్ ఆడమ్స్ అనే పాత కోట దగ్గర జరుగుతాయి. మూడు వైపులా నీళ్ళు. రోజుకి 10,000 మందికి మించి రానివ్వరు. టికెట్ దొరకనివాళ్ళు పడవల్లో వచ్చి, లంగరేసి, అక్కణ్ణించే వింటారు. అందరికీ సమానంగా ఇచ్చే పద్ధతి మాత్రం అరవైల దశాబ్దంతోనే పోయింది.

అయినా ఆ వేదికకి పాత గుణం పూర్తిగా పోలేదు అనిపించిన రోజు 2022 జులై 24. జోనీ మిచెల్ 1967లో, ఇరవై మూడేళ్ళ పిల్లగా మొదటిసారి న్యూపోర్ట్‌లో పాడింది. ఆ దీవిలో ఆఖరిసారి పాడింది 1969లో. 2015లో ఆవిడకి మెదడులో నరం చిట్లింది. మాట పోయింది, నడక పోయింది. గిటార్ పట్టుకుంటే వేళ్ళు ఎక్కడ పెట్టాలో గుర్తులేదు. తన పాత వీడియోలు తనే చూసి, తన వేళ్ళు ఎక్కడున్నాయో చూసుకుని మళ్ళీ నేర్చుకుంది. ఆ ఆదివారం బ్రాండీ కార్లైల్ అనే గాయని పేరు మీద ఉన్న సమయంలో, ముందుగా ఎవరికీ చెప్పకుండా, డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషిని నెమ్మదిగా నడిపించుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. చుట్టూ చిన్నవాళ్ళు అర్ధచంద్రాకారంలో కూర్చున్నారు, పెరట్లో పెద్దమ్మ చుట్టూ చేరినట్టు. వాళ్ళు ఎత్తుకున్నారు, ఆవిడ అందుకుంది. గొంతు ఎంతో కిందికి దిగిపోయింది. కానీ మాట విడిచే తీరు అలాగే ఉంది. మధ్యలో నిలబడి గిటార్ కూడా వాయించింది. పక్కనున్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ పాడటం వీడియోలో చూడొచ్చు.

ఇప్పుడు నేను మళ్ళీ 1964కి వెళ్తాను. కావాలనే దాచుకున్నాను ఈయన్ని.

పేరు డ్యూయీ బాల్ఫా. లూసియానాలో కేజన్ అనే ఫ్రెంచ్ యాస మాట్లాడే పల్లె మనిషి. స్కూలు బస్సు నడిపాడు, ఇన్సూరెన్స్ అమ్మాడు, సొంతానికి ఫిడేలు వాయించుకునేవాడు. అక్కడి బడుల్లో 1921 నుంచి ఇంగ్లిష్ తప్ప వేరే భాష నోటివెంట రాకూడదు. ఇంటి భాష మాట్లాడినందుకు పిల్లల్ని కొట్టేవాళ్ళు. అలా రెండు తరాలు గడిచాక, తమ పాట తమకే నామోషీ అయింది. ఆ బాధ మనకి వేరే చెప్పక్కర్లేదు.

నేను చెప్పిన ఆ ఫౌండేషన్ డబ్బుతో రాల్ఫ్ రింజ్లర్ అనే ఆయన ఊళ్ళు తిరుగుతూ లూసియానా వచ్చాడు, న్యూపోర్ట్‌కి ఒక కేజన్ బృందాన్ని ఎంచాడు. బాల్ఫా చివరి నిమిషంలో ఇంకొకరి బదులు వెళ్ళినవాడు, అదీ గిటార్ వాయించడానికి. వెళ్ళబోయేముందు అక్కడి పత్రిక ఒకటి ఎగతాళి రాసింది. ఆ గరగర సంగీతం పట్టుకెళ్ళి మన పరువు తీస్తారా అన్నట్టు. అప్పటిదాకా రెండు వందల మందికి మించి ఎప్పుడూ వాయించని మనుషులు, 17,000 మంది ముందు నిలబడ్డారు. వాయించడం అయ్యాక ఆ జనమంతా లేచి నిలబడ్డారు, చప్పట్లు ఆపలేదు.

50 డాలర్లు జేబులో వేసుకుని బాల్ఫా ఇంటికొచ్చాడు. ఆ చప్పట్ల ప్రతిధ్వని తన ఊరికి వినిపించాలి అనుకున్నాడు. బడుల చుట్టూ తిరిగాడు, ఇదే భాష మాట్లాడితే కొట్టిన బడుల్లోకి ఫిడేలు పట్టుకుని వెళ్ళాడు. అన్నదమ్ముల్ని కూడగట్టి బృందం కట్టాడు, 1967లో వాళ్ళతో మళ్ళీ న్యూపోర్ట్ వచ్చాడు. 1974 మార్చిలో లూసియానాలోని లాఫయెట్‌లో కేజన్ సంగీతానికి సొంత గడ్డ మీద మొదటి పెద్ద సభ జరిగింది. ఆ రాత్రి వాన. అయినా వేలమంది వచ్చారు. ఆ సభ ఇప్పటికీ ఏటా జరిగే పెద్ద ఉత్సవంగా ఎదిగింది. 1979లో ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరు కారు ప్రమాదంలో పోయారు. ఆయన ఆగలేదు, 1992లో పోయేదాకా పిల్లలకి నేర్పిస్తూనే ఉన్నాడు.

బాల్ఫా గురించి మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ళ కిందట ఈ దేశంలోనే ఒక వేసవి తెలుగు సభకి మేం ఒక బుర్రకథ బృందాన్ని పిలిపించాం. సాంస్కృతిక కమిటీలో నేనూ ఉన్నాను. కథకుడు అరవై దాటిన పెద్దాయన, వంతలు ఇద్దరు. వీసాల కోసం వాళ్ళు మూడుసార్లు చెన్నై తిరిగారు. వాళ్ళకి గంట ఇస్తామన్నాం. ఆ రోజు ముందు కార్యక్రమాలు ఆలస్యమయ్యాయి, సినిమా గాయకుడి కచేరీకి సౌండ్ చెక్ ఉందన్నారు. స్టేజీ వెనక పెద్దాయన అప్పటికే తంబురా భుజానికెత్తుకుని, వేలికి అందె పెట్టుకుని, తలపాగా చుట్టుకుని కూర్చున్నాడు. నేను వెళ్ళి, పదిహేను నిమిషాల్లో ముగించండి అన్నాను. ఆయన నన్ను చూసి, ‘అమ్మా, పదిహేను నిమిషాల్లో కథ కాదు కదా, ప్రార్థనే పూర్తవదు’ అన్నాడు. కోపంగా కాదు, నాకు తెలియని సంగతి తెలియజెప్పినట్టు అన్నాడు. తర్వాత వెళ్ళి ప్రార్థన, ఒక వీరగాథలో ఒక్క ఘట్టం చెప్పి దిగిపోయాడు. గుమ్మెట వేడెక్కేలోపే అయిపోయింది. హాల్లో జనం భోజనాల దగ్గర ఉన్నారు. గాయకుడికి ఇచ్చిన దాంట్లో వీళ్ళకి ఎంత ఇచ్చామో ఇక్కడ చెప్పలేను, నోరు రాదు. ఆ పదిహేను నిమిషాలు మేం సరిగ్గా రికార్డు కూడా చేయలేదు.

ఆయన ఊరికి ఏం తీసుకెళ్ళాడు? బాల్ఫా చప్పట్లు తీసుకెళ్ళాడు, ఒక భాషకి ఊపిరి పోశాడు. మనం పిలిచిన పెద్దాయనకి విమానం టికెట్టూ, ఒక శాలువా ఇచ్చి పంపాం.

అందుకే పోయిన నెల నేను కమిటీకి ఒక కాగితం రాసిచ్చాను. వచ్చే వేసవి సభకి ఒగ్గుకథ గానీ, బుర్రకథ గానీ, తోలుబొమ్మలాట గానీ ఒక బృందాన్ని పిలుద్దాం. వాళ్ళకి శనివారం సాయంత్రం, జనం నిండుగా ఉన్న వేళ, రెండు గంటలు ఇద్దాం. గాయకులకి ఏ హోటలో వాళ్ళకీ అదే హోటలు. రాత్రి భోజనం అందరూ కలిసి, వీఐపీ గది అంటూ లేకుండా. సంభావన ఎంత అన్నది అందరూ కూర్చుని తేల్చాలి, కానీ మనిషికి మనిషికి తేడా ఉండకూడదు. ఆదివారం పొద్దున వాళ్ళు పిల్లలకి గుమ్మెట పట్టుకోవడం నేర్పాలి. కమిటీలో కొందరు ఇలా అయితే పేరున్నవాళ్ళు రారు అన్నారు. 1963లోనూ అదే అని ఉంటారు. డిలన్ వచ్చాడు, బయెజ్ వచ్చింది. అడిగి చూద్దాం. ఈ గదిలో ఆ కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళుంటే అది తలుపు దగ్గర బల్ల మీద ఉంది.

నాకు ఇచ్చిన టైమ్‌లో ఇంకో పదిహేను నిమిషాలు మిగిలాయి. అవి నేను మాట్లాడను. 1956 జులై 7 రాత్రి రికార్డు తెచ్చాను, రెండు టేపులూ కలిపింది, అంటే గోన్సాల్వెస్ సరైన చోట నిలబడి వినిపించేది. మొత్తం 14 నిమిషాలకి పైనే ఉంటుంది. మొదట్లో బృందమంతా వాయిస్తుంది, తొందరపడకండి. తర్వాత సాక్సఫోన్ ఒంటరిగా వస్తుంది. అక్కణ్ణించి వేళ్ళ మీద ఆవర్తనాలు లెక్కపెట్టుకోండి. ఏడెనిమిది దగ్గర జనం అరుపులు మొదలవుతాయి. మధ్యమధ్యలో ఎలింగ్టన్ ‘కానియ్ పాల్, కానియ్’ అన్నట్టు కేకలేస్తుంటాడు, అది కూడా వినబడుతుంది.

తమ్ముడూ, ఆ లైట్లు కాస్త తగ్గిస్తావా? సౌండ్ పూర్తిగా పెంచు.